ఇంటికి ఎస్ప్రెసో మెషిన్ కొనేముందు గ్రైండర్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంట్లో ఇద్దరు. రోజుకి మొత్తం నాలుగు కప్పులు, ఒకరికి పాలతో, ఇంకొకరికి పాలు లేకుండా. ఇన్నాళ్లూ పొయ్యి మీద పెట్టే మోకా పాట్‌తో సరిపెట్టుకున్నారు. ఇప్పుడు దాచిన డబ్బంతా మంచి ఎస్ప్రెసో మెషిన్ మీద పెట్టి, గ్రైండర్ వచ్చే ఏడాది కొందామనుకుంటున్నారు. అప్పటిదాకా దుకాణంలో పొడి పట్టించుకుంటారు. 15 బార్‌ల (బార్ అంటే ఒత్తిడి కొలత) మెషిన్ తీసుకోవాలా, 20 బార్‌లదా అన్నది మీ సందేహం.

బార్‌ల సంగతి తేలికే, తర్వాత చెప్తాను. నాకు టెన్షన్ పెట్టింది "గ్రైండర్ వచ్చే ఏడాది" అన్న మాట. దయచేసి ఆ ఒక్కటీ చేయకండి.

నేను పద్నాలుగేళ్లుగా ఇంట్లో ఎస్ప్రెసో తీస్తున్నాను. అందులో ఆరేడేళ్లు తెలిసినవాళ్ల మెషిన్లు విప్పి బాగుచేశాను కూడా. "ప్రెషర్ రావట్లేదు, పంపు పోయినట్టుంది" అంటూ నా బల్ల మీదకి వచ్చిన మెషిన్లలో చాలావాటికి ఏ రోగమూ లేదు. పంపు బాగుండేది, బాయిలర్ బాగుండేది. నా గ్రైండర్‌లో పట్టిన పొడి వేసి చూస్తే అదే మెషిన్ చక్కటి షాట్, అంటే ఒక విడత ఎస్ప్రెసో, ఇచ్చేది. వాళ్లింట్లో లేనిదల్లా గ్రైండరే.

ఎందుకలా అంటే, ఎస్ప్రెసో పద్ధతే అలాంటిది. 90 నుంచి 96 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు, సుమారు 9 బార్‌ల ఒత్తిడితో, గట్టిగా అదిమిన కాఫీ పొడిలోంచి 25, 30 సెకన్లలో దిగాలి. మామూలుగా 18 గ్రాముల పొడికి కప్పులో 36 గ్రాముల కాఫీ. ఈ లెక్కలో పంపు చేసేది తోయడం ఒక్కటే. ఆ తోపుకి ఎదురు నిలబడి ఒత్తిడి పుట్టించేది పొడి. పొడి కాస్త బరకగా ఉందా, నీళ్లు ఇసుకలోంచి జారినట్టు పది సెకన్లలో జారిపోతాయి. ఎంత ఖరీదైన మెషిన్ పెట్టినా అక్కడ ఒత్తిడే పుట్టదు. మరీ మెత్తగా ఉంటే బొట్టు బొట్టుగా కారి, నిమిషం దాటినా కప్పు నిండదు.

మొన్నామధ్య ఒక కొత్త గింజల సంచి తెరిచాను. మొదటి షాట్ 14 సెకన్లలో కారిపోయింది. లేత పసుపు రంగులో, పలచగా, నోట్లో పెట్టుకుంటే పుల్లగా. గ్రైండర్ రింగుని వెంట్రుకవాసి తిప్పాను. ఆ మార్పు పొడిని వేళ్ల మధ్య నలిపి చూసినా తెలియదు. రెండో షాట్ 27 సెకన్లు పట్టింది. మొదట ఏడెనిమిది సెకన్లు ఏమీ రాలేదు, తర్వాత ముదురు గోధుమరంగు బొట్లు బాస్కెట్ (పొడి వేసే జల్లెడ గిన్నె) అడుగున పుట్టి, ఒకటిగా చేరి, సన్నటి దారంలా దిగాయి. అదే మెషిన్, అవే గింజలు, అదే 18 గ్రాములు. మారింది ఆ వెంట్రుకవాసే. దుకాణంలో పట్టించిన పొడితో మీకు ఈ వెంట్రుకవాసి చేతిలో ఉండదు. పైగా గింజలు రోజులు గడిచేకొద్దీ మారుతుంటాయి. ఈ వారం సరిపోయిన మెత్తదనం వచ్చే వారానికి చాలదు, ఇంకాస్త మెత్తగా పట్టాలి. పట్టిన పొడి వాసన కోల్పోవడం గురించైతే చెప్పనే అక్కర్లేదు.

ఇంటి మెషిన్లు తయారుచేసేవాళ్లకి ఈ ఇబ్బంది తెలుసు. అందుకే చాలా మెషిన్లతో రెండు గోడల బాస్కెట్ ఒకటి ఇస్తారు. లోపల మామూలు జల్లెడే, అడుగున మాత్రం సూదిమొనంత ఒకే ఒక్క రంధ్రం. పొడి అడ్డుకోకపోయినా ఆ రంధ్రం అడ్డుకుంటుంది, నురగ కూడా బాగా వస్తుంది. కానీ అది నీళ్లు సన్న కంతలోంచి చిమ్మడం వల్ల వచ్చిన నురగ. అసలు క్రెమా, అంటే ఎస్ప్రెసో పైన తేలే నురగ, తాజా గింజల్లోని కార్బన్ డయాక్సైడ్, నూనెలు ఒత్తిడికి కలిసిపోయి వచ్చేది. రుచిలో తేడా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. గ్రైండర్ పాడైన రోజు ఆదుకోవడానికి ఆ బాస్కెట్ పనికొస్తుంది, పారేయకండి. ఏడాది పొడుగునా దానితో గడపడానికి మాత్రం ఇంత ఖర్చు పెట్టి మెషిన్ కొనక్కర్లేదు, మీ మోకా పాటే నయం.

కాబట్టి నా లెక్క ఇది: మొత్తం బడ్జెట్‌లో కనీసం మూడో వంతు గ్రైండర్‌కి తీసి పక్కన పెట్టండి. బడ్జెట్ చిన్నదైతే సగం పెట్టినా తప్పు లేదు. మామూలు మెషిన్, మంచి గ్రైండర్ ఉన్న ఇంట్లో తాగిన కాఫీని, గొప్ప మెషిన్, నాసిరకం గ్రైండర్ ఉన్న ఇంట్లో తాగిన కాఫీతో ఎన్నిసార్లు పోల్చి చూసినా నాకు మొదటిదే నచ్చింది.

బ్లేడు తిరిగే రకం గ్రైండర్ పనికిరాదు. అది గింజని నరుకుతుంది, అందులో దుమ్మూ ఉంటుంది, పలుకులూ ఉంటాయి. నీళ్లు పలుకులున్న చోట దారి చేసుకుని పోతాయి. రెండు పళ్ల చక్రాల మధ్య గింజని నలిపే బర్ గ్రైండర్ కావాలి. దానిలోనూ "ఎస్ప్రెసోకి పనికొస్తుంది" అని పెట్టె మీద రాసి ఉండటం చాలదు. మెత్తదనం ఒక్క మెట్టు మారిస్తే షాట్ సమయం ఎన్ని సెకన్లు మారుతుందో కనుక్కోండి. రెండు మూడు సెకన్లు మారితే మంచిది. ఒక మెట్టులో 18 సెకన్లు, పక్క మెట్టులో 40 సెకన్లు అయితే మీకు కావలసినది ఆ రెండింటి మధ్య ఇరుక్కుపోతుంది, దాన్ని అందుకోలేరు. మెట్లే లేకుండా తిరిగేవి ఇంకా మంచివి.

డబ్బు దగ్గర ఇబ్బంది అయితే చేత్తో తిప్పే గ్రైండర్ చూడండి. మోటారుకి పెట్టే ఖర్చు లేదు కాబట్టి, అదే ధరలో చేతి గ్రైండర్‌కి మెరుగైన బర్లు ఉంటాయి. 18 గ్రాములు ఎస్ప్రెసోకి పట్టాలంటే నిమిషం అటూ ఇటూ పడుతుంది, తక్కువ వేయించిన గింజలైతే చేతికి కాస్త శ్రమ. రోజుకి నాలుగు కప్పులంటే నాలుగు నిమిషాల తిప్పుడు. మీకు సరిపోతుందనే అనుకుంటున్నాను. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం చెప్పను. దీంతోపాటు 0.1 గ్రాము దాకా చూపించే చిన్న తూకం ఒకటి తప్పనిసరి. చెంచాలతో కొలిస్తే ఏ తప్పు ఎక్కడ జరిగిందో ఎప్పటికీ తెలియదు.

ఇక మెషిన్. రకాలు ఎన్ని ఉన్నా అన్నీ ఒకే చిక్కు చుట్టూ పుట్టినవే. కాఫీ దిగడానికి నీళ్లు 93 డిగ్రీల దగ్గర ఉండాలి. పాలు నురగ కట్టించే ఆవిరి కావాలంటే బాయిలర్ 120 డిగ్రీలు దాటాలి. ఈ రెండు వేడుల్నీ ఒక మెషిన్ ఎలా సర్దుకుంటుంది అన్నదాన్ని బట్టే దాని ధర, బరువు, మీ పొద్దుటి సమయం అన్నీ తేలతాయి.

సింగిల్ బాయిలర్ మెషిన్‌లో ఒకే తొట్టె రెండు పనులూ వంతులవారీగా చేస్తుంది. ముందు కాఫీ తీస్తారు, తర్వాత స్టీమ్ స్విచ్ వేసి వేడెక్కేదాకా ఆగుతారు. అది మెషిన్‌ని బట్టి అర నిమిషం కావచ్చు, ఇంకాస్త ఎక్కువ కావచ్చు. పాలు అయ్యాక మళ్లీ కాఫీ తీయాలంటే వేడి నీళ్లు కొంచెం వదిలి చల్లార్చాలి, లేకపోతే మాడిన చేదు వస్తుంది. 1991లో వచ్చిన గాజియా క్లాసిక్, 1997లో వచ్చిన రాన్సిలియో సిల్వియా ఈ కోవలోవే. ఇన్నేళ్ల తర్వాత కూడా వీటి గురించి మాట్లాడుకుంటున్నారంటే కారణం ఉంది. స్క్రూడ్రైవర్, పానా పట్టుకోగలిగిన ఎవరైనా విప్పి బాగుచేసుకోవచ్చు, స్పేర్ పార్ట్స్ దొరుకుతాయి. పాత గాజియా బాయిలర్‌లో సుమారు 100 మిల్లీలీటర్లు పడతాయి, సిల్వియాలో 300. చిన్నది త్వరగా వేడెక్కుతుంది, ఆవిరి త్వరగా అయిపోతుంది. పెద్దది నిదానంగా వేడెక్కి నిలకడగా ఉంటుంది.

థర్మోబ్లాక్ రకంలో తొట్టె ఉండదు. వేడి లోహపు దిమ్మ గుండా నీళ్లు పోతూ పోతూ వేడెక్కుతాయి. స్విచ్ వేసిన నిమిషంలోపే సిద్ధమైపోయేవి ఉన్నాయి. ఆఫీసుకి పరుగెత్తే ఇంటికి ఇది పెద్ద సుఖం. కాకపోతే నీళ్లు వేడిగా ఉన్నా బాస్కెట్టూ, దాన్ని పట్టి ఉంచే హ్యాండిలూ చల్లగానే ఉంటాయి కాబట్టి, ముందు పొడి వేయకుండా ఒకసారి ఉత్త వేడినీళ్లు వదిలి వాటిని కాచుకోవాలి. ఈ చిన్న పని మానేసి "కాఫీ పుల్లగా ఉంది" అనేవాళ్లు చాలామంది.

హీట్ ఎక్స్‌చేంజర్‌లో బాయిలర్ ఎప్పుడూ ఆవిరి వేడిలోనే ఉంటుంది. దాని మధ్యలోంచి ఒక గొట్టం వెళ్తుంది, కాఫీకి వెళ్లే తాజా నీళ్లు ఆ గొట్టంలో వేడెక్కుతాయి. ఒక చేత్తో షాట్, ఇంకో చేత్తో పాలు. డ్యూయల్ బాయిలర్‌లో తొట్టెలు రెండు, దేని వేడి దానిదే. ఈ రెండూ మంచివే. కానీ వీటిలో బరువైన ఇత్తడి గ్రూపు (హ్యాండిల్ బిగించే భాగం) ఉన్నవి పూర్తిగా కాగడానికి 25 నుంచి 40 నిమిషాలు తీసుకుంటాయి, వంటగట్టు మీద చోటు తింటాయి, లోపల పార్టులు ఎక్కువ కాబట్టి పాడయ్యేవీ ఎక్కువ. వరసగా నాలుగైదు పాల కాఫీలు చేసే ఇంటికి ఆ ఖర్చు న్యాయం. మీ ఇంట్లో పాలతో తాగేది ఒక్కరే. ఆ ఒక్క కప్పు కోసం రెండో బాయిలర్ వద్దు, ఆ డబ్బు గ్రైండర్‌కి పెట్టండి.

పాలు అసలు అవసరం లేని ఇంటికైతే నేను చేత్తో నొక్కే లీవర్ మెషిన్లనే చెప్పేవాణ్ణి. ఫ్లెయిర్, కెఫెలాట్ రోబోట్ లాంటివి. కరెంటు లేదు, పంపు లేదు. కెటిల్‌లో నీళ్లు కాచి పోసి చేత్తో నొక్కడమే, ఒత్తిడి ఎంతో మీ భుజానికి తెలుస్తుంది. పాడవడానికి వాటిలో ఏముంది, రెండు రబ్బరు రింగులు.

ఇప్పుడు బార్‌ల సంగతి. ఇటలీకి చెందిన అకీలే గాజియా 1938లో పేటెంట్ తీసుకుని, యుద్ధం ముగిశాక స్ప్రింగు లీవర్ మెషిన్లు తెచ్చేదాకా ఎస్ప్రెసో ఆవిరి ఒత్తిడితో వచ్చేది, అంటే ఒకటి రెండు బార్‌లు. స్ప్రింగు వచ్చాకే ఒత్తిడి 9 బార్‌ల దాకా పెరిగింది, కప్పు పైన క్రెమా కనపడింది. 1961లో ఫాయెమా కంపెనీ E61 అనే మెషిన్‌తో ఆ పని ఎలక్ట్రిక్ పంపుకి అప్పగించింది. ఇన్ని మెషిన్లు మారినా కావలసిన ఒత్తిడి మాత్రం ఆ 9 చుట్టూనే ఉండిపోయింది. పెట్టె మీద రాసే 15, 20 అన్నవి ఆ పంపు గరిష్ఠంగా ఎంత తోయగలదు అన్న అంకెలు. కారు స్పీడోమీటర్ మీద 220 అని ఉన్నంత మాత్రాన మీరు వీధిలో 220లో వెళ్లరు కదా. మంచి మెషిన్‌లో ఓపీవీ అనే వాల్వ్ ఉండి, ఎక్కువైన ఒత్తిడిని వెనక్కి వదిలేస్తుంది. మీరు అడగాల్సింది "ఎన్ని బార్‌లు" అని కాదు, "ఓపీవీ ఎంతకి పెట్టి ఉంది, మార్చుకోవచ్చా" అని. ఫ్యాక్టరీ నుంచి 12 దగ్గర వచ్చిన మెషిన్లని ఆ వాల్వ్‌ని సర్ది 9కి దించుకోవడం గాజియా వాడేవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి చేస్తున్న పనే. 20 బార్‌ల మెషిన్ 15 బార్‌ల దానికంటే మంచి కాఫీ ఏమీ ఇవ్వదు.

నేను పట్టుబట్టి అడిగే పార్టు ఒకటుంది, మూడు దారుల సోలినాయిడ్ వాల్వ్. షాట్ ఆపగానే బాస్కెట్‌లో మిగిలిన ఒత్తిడిని అది డ్రిప్ ట్రేలోకి వదిలేస్తుంది. నా మొదటి మెషిన్‌లో అది లేదు. ఒకరోజు తొందరలో షాట్ అయిన వెంటనే హ్యాండిల్ తిప్పాను. వేడి పొడి తపక్కున పేలి గోడ మీదా, నా మణికట్టు మీదా పడింది. బొబ్బ మానడానికి పది రోజులు పట్టింది. ఇంట్లో పిల్లలు ఉంటే ఈ ఒక్క విషయంలో రాజీపడకండి. వాల్వ్ లేని మెషిన్ కొనాల్సి వస్తే షాట్ అయ్యాక నిమిషమైనా ఆగి తీయండి. ఇంకో లాభం కూడా ఉంది. ఈ వాల్వ్ ఉంటేనే రంధ్రాలు లేని గుడ్డి బాస్కెట్ పెట్టి బ్యాక్‌ఫ్లష్ చేయగలరు, అంటే లోపల పేరుకున్న కాఫీ నూనెల జిడ్డు కడగగలరు.

వేడిని డిగ్రీ తేడాతో పట్టి ఉంచే పీఐడీ అనే కంట్రోలర్ ఉంటే మంచిదే. తక్కువ వేయించిన గింజలకి బాగా ఉపయోగపడుతుంది. ముదురుగా వేయించిన గింజలు వాడి పాలు కలిపేవాళ్లకి దాని కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు. హ్యాండిల్ సైజు 58 మిల్లీమీటర్లు అయితే టాంపర్ (పొడిని అదిమేది), బాస్కెట్ ఎక్కడైనా దొరుకుతాయి. 54, 51 అయితే వెతుక్కోవాలి. మెషిన్ మరీ తేలికైతే హ్యాండిల్ బిగించేటప్పుడు గట్టు మీద జారుతుంది, రెండో చేత్తో పట్టుకోవాల్సి వస్తుంది. నీళ్ల ట్యాంకు పైనుంచి తీసేదైతే మీ అలమరకీ మెషిన్‌కీ మధ్య చోటు కొలుచుకోండి. కొన్నాక కొలిచినవాళ్లు మెషిన్‌ని రోజూ ముందుకి లాగుతూ కనపడతారు.

గ్రైండర్ మెషిన్‌లోనే కలిసి వచ్చే రకం గురించి కూడా అడుగుతారేమో. చోటు కలిసొస్తుంది, ముచ్చటగా ఉంటుంది. కానీ గ్రైండర్ మోటారు పోతే మొత్తం మెషిన్ రిపేరుకి వెళ్తుంది, ఆ వారమంతా కాఫీ ఉండదు. విడివిడిగా కొంటే ఒకదాన్ని మార్చుకున్నా రెండోది పదేళ్లు ఉంటుంది. బటన్ నొక్కితే అన్నీ అదే చేసుకునే ఆటోమేటిక్ మెషిన్ వేరే సంగతి. తూకాలూ సెకన్లూ మీకు చిరాకనిపిస్తే నిజంగా అదే మీకు సరైనది, దాన్ని ఎవరూ తక్కువ చేసి చూడక్కర్లేదు. కాకపోతే లోపలి భాగాన్ని వారానికోసారి తీసి కడగాలి.

నీళ్ల గురించి ఎవరూ అడగరు, మెషిన్లు మాత్రం ఎక్కువగా దానివల్లే చస్తాయి. నాలుగేళ్లు గట్టి నీళ్లు తాగిన ఒక బాయిలర్ విప్పాను. హీటర్ చుట్టూ కోడిగుడ్డు పెంకులాంటి తెల్లటి పొర, వేలితో గీస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అందులో ఒక పెచ్చు సోలినాయిడ్ వాల్వ్‌లో ఇరుక్కుని నీళ్లు కారుతున్నాయి. మెషిన్ యజమాని చెప్పిన కంప్లైంట్ అదే, లీకేజీ. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం వేడికి సున్నంలా మారి అలా పేరుకుంటుంది. అలాగని పూర్తిగా ఖనిజాలు తీసేసిన నీళ్లు పోస్తే కాఫీ చప్పగా ఉంటుంది, లోహం కూడా మెల్లగా తినేయబడుతుంది. ఆవిరి బాయిలర్‌లో నీటిమట్టం చూసే సెన్సర్ ఉన్న మెషిన్లైతే అంత శుద్ధమైన నీటిని గుర్తించలేక ఎక్కువ నింపేస్తాయి. కాఫీకి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం, 150 పీపీఎం దగ్గర ఉంటే బాగుంటుంది, 75 నుంచి 250 దాకా ఫర్వాలేదు. ఇంట్లో ఆర్వో ఉంటే దాని నీళ్లలో కొంచెం మామూలు తాగునీళ్లు కలిపి, చిన్న టీడీఎస్ మీటరుతో చూసుకోండి. అయితే ఆ మీటరు మొత్తం కరిగినవాటిని చూపిస్తుంది తప్ప వాటిలో కాల్షియం ఎంతో చెప్పదు. ఊరి నీళ్లు బాగా గట్టివైతే గట్టిదనం చూసే టెస్ట్ స్ట్రిప్ కూడా ఒకటి వాడండి.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే భయపడకండి, కానీ చల్లగా ఉన్న మెషిన్‌నే చూపించమనండి. ముందే వేడిచేసి ఉంచితే ఎంతసేపట్లో వేడెక్కుతుందో మీకు తెలియదు. మీ ముందు ఆన్ చేసి, ఆవిరి ఒక నిమిషం ఆగకుండా వదిలి చూడండి. షాట్ తీసేటప్పుడు హ్యాండిల్ అంచుల నుంచి నీళ్లు కారితే అది గాస్కెట్, అంటే లోపలి రబ్బరు రింగు, ఎండిపోయి గట్టిపడి ఉంటుంది. చాలా చవకైన పార్టు, దాన్ని చూపించి ధర తగ్గించమనొచ్చు. వాండ్, అంటే ఆవిరి గొట్టం నుంచి వచ్చే వేడినీళ్లు గాజు గ్లాసులో పట్టండి. తెల్లటి పలుకులు తేలితే వదిలేసి వచ్చేయండి.

మీ ఇద్దరికీ నేను చెప్పేది: తీరిక ఉన్న పొద్దుళ్లయితే, పార్టులు దొరికే 58 మిల్లీమీటర్ల సింగిల్ బాయిలర్. హడావిడి పొద్దుళ్లయితే సోలినాయిడ్ వాల్వ్ ఉన్న చిన్న థర్మోబ్లాక్. ఏదైనా సరే, పక్కన మంచి గ్రైండర్, అవసరమైతే చేతి గ్రైండర్. సింగిల్ బాయిలర్ అయితే ముందు ఇద్దరి షాట్లూ తీసేసి, తర్వాతే స్టీమ్ స్విచ్ వేయండి, మళ్లీ చల్లార్చే పని ఉండదు. పాలు 55, 65 డిగ్రీల మధ్య ఆపేయండి. గిన్నెని అరచేయి ఇక భరించలేనప్పుడు అక్కడికి వచ్చినట్టే. అది దాటాక పాల తీపి పోతుంది.

మెషిన్ వచ్చాక మొదటి వారం ఒకే రకం గింజలు అరకిలో పెట్టుకోండి. వేయించిన తేదీ సంచి మీద ఉండాలి, వారం పది రోజుల కిందటిదైతే సరిగ్గా ఉంటుంది. మొదటి ఐదారు షాట్లు పారబోయాల్సి వస్తుంది, దానికి బాధపడకండి. 18 గ్రాములు మార్చకండి, 36 గ్రాములు మార్చకండి, మెత్తదనం ఒక్కటే మార్చండి. పుల్లగా, పలచగా ఉంటే ఇంకాస్త మెత్తగా. నాలుక ఎండిపోయేంత చేదుగా ఉంటే ఇంకాస్త బరకగా. ఏ అంకె దగ్గర ఎన్ని సెకన్లు వచ్చిందో గ్రైండర్ పక్కనే ఒక కాగితం మీద రాసుకోండి. పదో షాట్ దాకా వచ్చి ఇంకా కుదరకపోతే ఆ కాగితంలో ఉన్నది ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.